అమ్మ ‘దిగులు’ను ఇంగ్లీషులో ఏమనాలి?

సన్నజాజి (డాలస్)

అందరికీ నమస్కారం. ఇది భాష గురించిన ప్రశ్నే. కానీ వచ్చే గురువారం అమ్మను మళ్లీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి, ఆలోపు నాకు జవాబు కావాలి.

నాన్నగారు పోయి ఐదు నెలలైంది. అమ్మను ఊళ్లో ఒక్కదాన్నే వదల్లేక రెండు నెలల కిందట నా దగ్గరికి తెచ్చుకున్నాను. తిండి సయించడం లేదు. రాత్రి రెండింటికే లేచి, లైటు కూడా వేసుకోకుండా హాల్లో కూర్చుంటోంది. సోమవారం ఇక్కడి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. నర్సు ఒక ఫారం ఇచ్చింది. గత రెండు వారాల్లో ఇలా ఎన్ని రోజులు అనిపించింది అంటూ తొమ్మిది ప్రశ్నలు. రెండో ప్రశ్నలో మూడు మాటలు పక్కపక్కనే ఉన్నాయి: డౌన్, డిప్రెస్డ్, హోప్‌లెస్.

నేను తెలుగులో చెప్పేలోపే నర్సు అమ్మ వైపు వంగి, నెమ్మదిగా, ప్రేమగానే "డూ యూ ఫీల్ హోప్‌లెస్?" అని అడిగింది. నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. లెక్క తప్పుచేసిన పిల్లల్ని "హోప్‌లెస్ ఫెలో" అని తిట్టేవారు. అమ్మకు ఆ మాటకు తెలిసిన అర్థం అదొక్కటే. మొహం ఎర్రబడిపోయింది. "నేనేం హోప్‌లెస్సా? నలభై రెండేళ్లు సంసారం చేశాను" అంది. ఆ తర్వాత ఇక నోరు విప్పలేదు.

తిరిగొస్తుంటే కారులో అడిగాను, అసలు ఎలా ఉందమ్మా నీకు అని. "దిగులుగా ఉందే. గుండె మీద రోలు పెట్టినట్టు బరువు" అంది. నేనేమో ఫారం కింద ఖాళీలో ‘శాడ్’ అని రాసి వచ్చాను. రాత్రంతా నిద్రపట్టలేదు. దిగులు అంటే శాడ్ కాదు కదా. డిప్రెషన్ అంటే "నాకేమైనా పిచ్చా" అంటుంది. ఏ మాట చెప్పాలి?

రాత్రిషిఫ్టు (హైదరాబాద్)

డిప్రెషన్ అనే చెప్పండి. అక్కడ అది తిట్టు కాదు, జ్వరం అన్నట్టే. అమ్మగారికి ఆ మాట వినిపించక్కర్లేదు.

పాతచాక్‌పీస్ (తెనాలి)

అమ్మా, అంత తొందరగా ఆ మాట వాడొద్దు. ముందు అమ్మగారు అన్న ‘బరువు’ను పట్టుకోండి.

నేను ముప్ఫై ఏళ్లు ఇంగ్లీషు చెప్పాను. శాడ్, శారో, గ్రీఫ్, డిస్పెయిర్ అన్నిటికీ ‘విచారం’ అనే రాయించాను, గైడులో అలాగే ఉండేది కాబట్టి. అలా చేసినందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఒక్కో మాటకు ఒక్కో బొమ్మ ఉంది. ఆ బొమ్మ చూపించి ఉంటే పిల్లలు జన్మలో మరిచిపోయేవాళ్లు కారు.

గ్రీఫ్ లాటిన్‌లోని ‘గ్రావిస్’ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చింది. గ్రావిస్ అంటే బరువైనది. గ్రావిటీ కూడా అందులోంచే పుట్టింది. సంస్కృతంలో ‘గురు’ అన్నా బరువే. గురుత్వాకర్షణలో ఉన్న గురు అదే. గ్రావిస్, గురు ఒకే పాత కుదురు నుంచి వచ్చిన తోబుట్టువులు. అంటే మీ అమ్మగారు కారులో కూర్చుని గ్రీఫ్‌కు మూలార్థమే చెప్పారు, ఇంగ్లీషు రాకుండానే. పైగా గ్రీఫ్ ముఖ్యంగా మనిషిని పోగొట్టుకున్నప్పుడు అనే మాట. పరీక్ష పోయినవాడికి, బస్సు తప్పినవాడికి గ్రీఫ్ అనరు.

శాడ్ సంగతి వేరు. పాత ఇంగ్లీషులో శాడ్ అంటే కడుపు నిండిన, ఇక చాలనిపించిన అని. శాటిస్‌ఫై దాని చుట్టమే. నిండి, మొహం మొత్తి, అలిసిపోయి, బరువెక్కి, చివరికి విచారం దాకా వచ్చింది. ఇవాళ చేతిలో ఐస్‌క్రీమ్ జారిపడ్డ పిల్లవాడూ శాడే, సినిమా చూసి బయటికి వచ్చినవాడూ శాడే. మీ అమ్మగారి ఐదు నెలలు అందులో పట్టవు.

ఇంకో సంగతి, చాలామంది పొరబడేది. శారో, సారీ చూడ్డానికి అక్కాచెల్లెళ్లలా ఉంటాయి కానీ కాదు. సారీ పుట్టింది ‘సోర్’ నుంచి, అంటే పుండు, నొప్పి. శారో దారి వేరు. అది నిదానమైన మాట, ఏళ్ల తరబడి మనిషితో నడిచేది.

మానేరుగట్టు (కరీంనగర్)

అక్కా, మా దిక్కు దీన్ని మనాది అంటాం. "మనాది పట్టింది" అనేది మా నాయనమ్మ. మనోవ్యాధి అనే మాటే నలిగి నలిగి అట్లయింది. మనాది లోపల కూర్చుంటుంది. మనిషి బయటికి మామూలుగానే పని చేసుకుంటూ సన్నబడిపోతుంది.

రంది వేరు. అప్పు గురించి, బిడ్డ పెళ్లి గురించి, రేపటి గురించి పడేది రంది. అది ఇంగ్లీషులో వర్రీకి, యాంగ్జయిటీకి దగ్గర. మీ అమ్మకున్నది రెంటిలో ఏదో కనుక్కోండి. రాత్రి రెండింటికి లేచి కూర్చున్నప్పుడు జరిగిపోయినదాన్ని తలుచుకుంటోందా, జరగబోయేదాన్ని తలుచుకుంటోందా? మా నాయనమ్మను అదే అడిగితే, తాత మాట కాదు, చెల్లె కట్టాల్సిన ఫీజు మాట చెప్పింది. మేమేమో ఏడాది పాటు తాత కోసమే అనుకున్నాం.

సన్నజాజి

మీ మాట పట్టుకుని నిన్న రాత్రి నేనూ లేచి అమ్మ పక్కన కూర్చున్నాను. లైటు వేయలేదు. ఏం తలుచుకుంటున్నావమ్మా అంటే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "పెరట్లో మీ నాన్న పందిరేసిన సన్నజాజికి ఎవరు నీళ్లు పోస్తున్నారో" అంది. పక్కింటి పిన్నికి అప్పజెప్పాం కదమ్మా అన్నాను. "అది పోస్తుంది. పొద్దున్నే పోయదు, ఎండెక్కాక పోస్తుంది" అంది.

దీన్ని ఏమంటారు?

సముద్రంఅవతల (మెల్‌బోర్న్)

బెంగ. అది దిగులులో కలిసిపోయిన బెంగ. ఇక్కడికి వచ్చే మన పెద్దవాళ్లలో చాలామందిలో చూస్తాను. మనిషి మీద బెంగ, ఇంటి మీద బెంగ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి, విడదీయలేం.

దీనికి ఇంగ్లీషులో ఒక మాట ఉంది, దాని చరిత్ర తెలిసినప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. నాస్టాల్జియా. 1688లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో జొహానెస్ హోఫర్ అనే వైద్య విద్యార్థి తన సిద్ధాంత వ్యాసం కోసం తయారుచేసిన మాట అది. గ్రీకులో ‘నోస్టోస్’ అంటే ఇంటికి తిరిగి చేరుకోవడం, ‘అల్గోస్’ అంటే నొప్పి. అప్పట్లో అది పాత పాటలకు వాడే మాట కాదు, జబ్బు పేరు. సొంత ఊరికి దూరమైన స్విస్ సైనికులు ఈ జబ్బుతో చిక్కిపోతారని చెప్పుకునేవారు. మన ఇళ్లలో "పిల్లాడు అమ్మమ్మ మీద బెంగపెట్టుకుని జ్వరం తెచ్చుకున్నాడు" అనడం లేదూ? హోఫర్ చెప్పిందీ అదే.

కానీ డాక్టరు దగ్గర నాస్టాల్జియా అనకండి. ఇప్పుడు ఆ మాట పలచబడిపోయింది, తియ్యటి జ్ఞాపకం అనుకుంటారు. హోమ్‌సిక్ అనండి. అందులో ఇంకా సిక్ మిగిలే ఉంది.

హార్బర్‌గాలి (కాకినాడ)

డిప్రెషన్ మాట గురించి ఒకటి చెప్పాలి. మాది చేపల వేటకు వెళ్లే కుటుంబం. మాకు డిప్రెషన్ అంటే మొదట గుర్తొచ్చేది వాయుగుండం. బంగాళాఖాతంలో అల్పపీడనం పడుతుంది. గాలి గంటకు 31 కిలోమీటర్లు దాటితే వాయుగుండం, 50కి చేరితే తీవ్ర వాయుగుండం, 62 నుంచి తుపాను. వాతావరణ శాఖ ఇంగ్లీషు బులెటిన్‌లో వాయుగుండానికి రాసేది డిప్రెషన్ అనే.

మా అన్నయ్య బోటు పోగొట్టుకున్నాక ఆరు నెలలు గది బయటికి రాలేదు. డాక్టరు డిప్రెషన్ అనగానే, "నాకు మెంటల్ అంటున్నారు" అని లేచి వచ్చేయబోయాడు. ఆ డాక్టరు మా వైపు మనిషే. కూర్చోబెట్టి చెప్పారు: "మీకు తెలిసిన మాటే బాబూ. సముద్రంలో గాలి ఒత్తిడి కిందికి పడిపోతే ఏమవుతుందో మీకంటే నాకు ఎక్కువ తెలీదు. మనసులోనూ అలాగే కిందికి అదిమేస్తుంది. సముద్రం తప్పు చేసిందని మీరు అనరు కదా." అన్నయ్య ఆ రోజే మందులు తెచ్చుకున్నాడు.

అందుకే ఆ మాటను అమ్మగారి దగ్గర దాచొద్దు. ఆవిడకు తెలిసినదాంతో ముడిపెట్టి చెప్పండి. ‘కుంగిపోవడం’ అన్నా ఆ అర్థమే. లాటిన్‌లోనూ కిందికి అదమడమేనట.

గదిలోవెలుగు (విశాఖపట్నం)

నేను మానసిక వైద్యురాలిని. అమ్మగారిని చూడకుండా జబ్బు పేరు చెప్పను, చెప్పకూడదు. మాటల మధ్య తేడా మాత్రం చెప్తాను.

ఆ ఫారం పేరు పీహెచ్‌క్యూ-9. దానితోనే జబ్బు తేల్చరు, ఎక్కడ ఆగి అడగాలో తెలుసుకోవడానికి వాడతారు. గ్రీఫ్ సాధారణంగా అలల్లా వస్తుంది. కొక్కేనికి ఆయన చొక్కా కనబడితే ఒక్కసారి ముంచేస్తుంది, మనవడు నవ్వితే కాసేపు తెరిపి ఇస్తుంది. డిప్రెషన్‌లో ఆ తెరిపి ఉండదు, లేదా బాగా తక్కువ. పోయిన మనిషి మీది దుఃఖం కాస్తా తన మీద తనకే చిన్నచూపుగా మారుతుంది: "నేను ఎందుకూ పనికిరాను, అందరికీ బరువు." ఈ రెండూ ఒకే మనిషిలో కలిసి కూడా ఉండొచ్చు, కాబట్టి ఇది గ్రీఫే కదా అని వదిలేయకూడదు. ఏడాది గడిచినా ఏమాత్రం సడలని శోకానికి 2022లో అమెరికా మానసిక వైద్యుల గ్రంథంలో వేరే పేరే చేర్చారు. వయోజనుల విషయంలో అందుకు కనీసం 12 నెలలు గడవాలి. మీ అమ్మగారికి ఐదు నెలలే.

మనవడు దగ్గరికి వస్తే ఆవిడ మొహం మారుతోందా? ఇది గమనించి డాక్టరుకు చెప్పండి. ఏ మాట వాడారన్నదానికంటే అది ఎక్కువ పనికొస్తుంది. తిండి, నిద్ర సంగతి తప్పక చెప్పండి.

ఇంకొకటి. తొమ్మిదో ప్రశ్న చనిపోవాలన్న ఆలోచనల గురించి. మన ఇళ్లలో పెద్దవాళ్లు "ఆయనతోపాటే నన్నూ తీసుకుపోయినా బాగుండేది" అని మామూలుగా అంటుంటారు. కూతుళ్లు, కొడుకులు అది డాక్టరు దాకా వెళ్లకుండా మధ్యలోనే తుడిచేస్తారు, అనవసరంగా కంగారుపడతారని. దయచేసి తుడవొద్దు. అన్నది అన్నట్టు చెప్పి, మా వైపు ఇలా అనడం ఉంది అని కూడా చెప్పండి. మామూలు మాటో, నిజంగా అనిపిస్తోందో అడిగి తెలుసుకునే పని డాక్టరుది. ఇది చదువుతున్న ఎవరికైనా అలాంటి ఆలోచనలు వస్తుంటే ఇండియాలో టెలీ మానస్ 14416కు, అమెరికాలో 988కు ఏ వేళనైనా ఫోన్ చేయొచ్చు. టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడతారు.

నడిమిగొంతు (న్యూజెర్సీ)

నేను ఆసుపత్రుల్లో తెలుగు దుబాసీగా పని చేస్తాను. ఇన్ని మాటలు చర్చిస్తున్నారు, అసలు సంగతి ఎవరూ అనలేదు. సన్నజాజి గారూ, అమ్మకూ డాక్టరుకూ మధ్య మాటలు అటూ ఇటూ మార్చి చెప్పే ఈ దుబాసీ పని మీరు చేయకండి. ప్రభుత్వ సొమ్ము తీసుకునే క్లినిక్ అయితే మీ అమ్మగారికి దుబాసీని ఉచితంగా ఏర్పాటు చేయాలి. అది ఇక్కడి చట్టం. ముందే ఫోన్ చేసి తెలుగు అని చెప్పండి. మనిషి దొరక్కపోతే ఫోన్‌లోనో వీడియోలోనో కలుపుతారు. కూతురి ముందు తల్లి చెప్పలేని మాటలుంటాయి. కూతురు తట్టుకోలేదని దాచేస్తుంది.

‘గుండె మీద బరువు’ గురించి మాత్రం ఇవాళే చెప్పాలి. మన భాషలో దుఃఖమంతా గుండెలోనే ఉంటుంది: గుండె చెరువైంది, గుండె పగిలింది, గుండె జారిపోయింది. ఇది ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెబితే డాక్టరు ఈసీజీ తీయిస్తారు. తీయించనివ్వండి! ఆ వయసులో నిజంగానే ఛాతీలో బరువు ఉండొచ్చు. నేను ముందు అడుగుతాను: అమ్మా, ఇది మెట్లెక్కితే వచ్చే బరువా, ఆయన గుర్తొస్తే వచ్చే బరువా? ఇప్పుడే, ఈ నిమిషంలో ఛాతీ నొప్పి ఉంటే మాత్రం గురువారం దాకా ఆగొద్దు.

హోప్‌లెస్ దగ్గర నేనూ ఒకప్పుడు దెబ్బతిన్నాను. ‘ఆశ లేదా’ అని అడిగితే ఒక పెద్దాయన "నాకు దేనిమీదా ఆశ లేదమ్మా, ఉన్నదాంతో తృప్తి" అన్నారు. మన ‘ఆశ’లో హోప్ ఉంది, అత్యాశ కూడా ఉంది. ఆయన రెండోది అనుకున్నారు. ఇప్పుడు "ఇక ముందు ఏ మంచీ జరగదు అనిపిస్తోందా?" అని అడుగుతున్నాను.

తాటాకు (తిరుపతి)

నడిమిగొంతు గారు చెప్పిన ఆ పెద్దాయన అన్నదాంట్లో చాలా పాత అర్థం ఉంది. డిస్పెయిర్‌కు మనం పత్రికల్లో రాసే మాట ‘నిస్పృహ’. స్పృహ అంటే సంస్కృతంలో కోరిక. గీత రెండో అధ్యాయం చివర్లో, కోరికలన్నీ వదిలి నిఃస్పృహుడై తిరిగేవాడికి శాంతి దొరుకుతుందని ఉంది. అక్కడ అది గొప్ప గుణం. తెలుగులోకి వచ్చేసరికి అదే మాట అడుగంటిన మనసుకు పేరైంది. కోరిక వదిలేయడం వేరు, కోరుకునే శక్తే పోవడం వేరు. మనం రెండోదానికి ఖాయం చేసుకున్నాం. స్పృహ కూడా మనకు తెలివిలో ఉండడం అనే అర్థానికి మారిపోయింది.

నిరాశ, నిస్పృహ ఎప్పుడూ జంటగా రాస్తాం కానీ ఒకటి కాదు. దర్శనం టికెట్లు దొరక్క భక్తులు నిరాశతో వెనుదిరుగుతారు. మళ్లీ రేపు వస్తారు. అది డిసప్పాయింట్‌మెంట్. నిస్పృహలో రేపు ఉండదు. ఇంగ్లీషు డిస్పెయిర్ కూడా లాటిన్‌లో ఆశకు దూరం జరగడమే. ఆశ అనే ఆ లాటిన్ ధాతువునే తీసుకుని జామెన్‌హోఫ్ అనే కంటి వైద్యుడు 1887లో తాను తయారుచేసిన కృత్రిమ భాషను ప్రకటిస్తూ డాక్టర్ ఎస్పరాంటో, అంటే ఆశపడేవాడు, అని కలం పేరు పెట్టుకున్నాడు. ఆ భాషకూ ఆ పేరే స్థిరపడింది.

గీత మొదటి అధ్యాయం పేరు విషాదయోగం. విషాదంలో ఉన్న ‘సద్’ ధాతువుకు కూర్చుండిపోవడం, కుంగడం అని అర్థాలు. ‘సీదంతి మమ గాత్రాణి’ అని అర్జునుడు అన్నదీ అదే ధాతువుతో: నా అవయవాలు కుంగిపోతున్నాయి అని. ఆ తర్వాత రథంలో నిజంగానే కూలబడ్డాడు. ఇంగ్లీషు శాడ్‌కు, ఈ సద్‌కు సంబంధం లేదు, ధ్వని మాత్రమే కలిసింది. రాత్రి రెండింటికి హాల్లో చీకట్లో కూర్చుండిపోయిన అమ్మగారి సంగతి చదివినప్పుడు నాకు విషాదం అన్న మాటే తోచింది.

రాత్రిషిఫ్టు

మొదట తేలిగ్గా చెప్పేశాను, క్షమించండి. మా అమ్మకు ఇవాళ ఫోన్ చేసి మాట్లాడాను.

ఒంటితాటి (లండన్)

ఎప్పుడూ చదవడమే, రాయడం ఇదే మొదలు. నా భార్య పోయి మూడేళ్లు. ఆఫీసులో అందరూ సంతకాలు చేసి కార్డు ఇచ్చారు, ‘సారీ ఫర్ యువర్ లాస్’ అని. మంచి మనసుతోనే ఇచ్చారు. నాకు మాత్రం లాస్ అంటే మా నాన్న కొట్టు లెక్కల పుస్తకమే కళ్ల ముందు ఆడింది. లాభం, నష్టం. ఆమె నష్టం ఎలా అవుతుంది?

తర్వాత హెచ్‌ఆర్ వాళ్లు పంపిన సెలవు కాగితంలో ‘బిరీవ్‌మెంట్’ అని ఉంది. అర్థం వెతికాను. పాత ఇంగ్లీషులో దాని మూలం దోచుకోవడమట. బలవంతంగా లాక్కుపోవడం. ఆ రాత్రి మొదటిసారి నాకు జరిగినదానికి సరైన మాట దొరికిందనిపించింది. మాట దొరికితే దుఃఖం తగ్గదు. కానీ దాన్ని పట్టుకోవడానికి ఒక పిడి దొరుకుతుంది.

మన ఊళ్లో అయితే కార్డులుండవు. "పలకరించి వస్తాం" అంటారు. వచ్చి, ఏమీ మాట్లాడకుండా అరుగు మీద కూర్చుని, మంచినీళ్లు తాగి వెళ్లిపోతారు. సన్నజాజి గారూ, మీ అమ్మగారిని డాలస్‌లో పలకరించడానికి ఎవరైనా వచ్చారా?

సన్నజాజి

రాలేదండీ. మీ ప్రశ్న చదివి చాలాసేపు ఏడ్చాను. ఊళ్లో పన్నెండు రోజులూ ఇల్లు నిండిపోయింది. ఇక్కడికి వచ్చాక ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు, అమ్మ బాధపడుతుందని. నేనూ ఎత్తలేదు.

పాతచాక్‌పీస్

ఒంటితాటి గారి మాట తర్వాత నేను వ్యాకరణం చెప్పడం బాగుండదేమో కానీ, ఇది అమ్మగారికి పనికొస్తుందని చెప్తున్నాను. ఇంగ్లీషులో ‘ఐ యామ్ శాడ్’ అంటారు. మనిషే విచారం అయిపోతుంది. మనం ‘నాకు దిగులుగా ఉంది’ అంటాం. దిగులు వచ్చి కూర్చుంది, మనిషి వేరు. ఐరిష్ భాషలోనూ ‘విచారం నా మీద ఉంది’ అనే అంటారట. దుబాసీ గారికి వీలైతే ఆ ‘నాకు’ పోకుండా చెప్పమనండి.

సన్నజాజి

గురువారం వెళ్లి వచ్చాం. అందరికీ చెప్పాలని కూర్చున్నాను.

ముందే ఫోన్ చేసి అడిగాను, ఫోన్‌లో దుబాసీని కలిపారు. ఆవిడ గొంతు వినగానే అమ్మ మొదట అడిగింది, "మీదే ఊరమ్మా?" అని. నన్ను బయట కూర్చోమన్నారు. ఇరవై నిమిషాల అపాయింట్‌మెంట్ నలభై నిమిషాలు పట్టింది. ఈసీజీ తీశారు, బాగానే ఉంది. డిప్రెషన్ ఉందో లేదో ఇప్పుడే తేల్చలేమని, మూడు వారాలకు మళ్లీ చూస్తామని డాక్టరు చెప్పారు. గ్రీఫ్ కౌన్సెలింగ్‌కు రాశారు, తెలుగు మాట్లాడేవారి కోసం వెతుకుతున్నాం. ఏడాది తిరిగేలోపు, సంవత్సరీకానికి ముందే, అమ్మను ఊరికి తీసుకెళ్తానని నేను మాటిచ్చాను.

శనివారం మా వీధిలోని రెండు తెలుగు కుటుంబాల వాళ్లను పిలిచాను. భోజనానికి కాదు, అమ్మను పలకరించడానికి రండి అని చెప్పాను. వచ్చారు. అమ్మ నాన్న గురించి రెండు గంటలు మాట్లాడింది. హోప్‌లెస్ ఫెలో సంగతి కూడా చెప్పింది.

విజిట్ కాగితం ఇంటికి తెచ్చాను. అందులో గ్రీఫ్ అని ఉంది, హోమ్‌సిక్ అని ఉంది. వాటి కింద డాక్టరు అమ్మ మాటను కొటేషన్‌లో రాశారు, గుండె మీద ధాన్యం దంచే రాయి పెట్టినట్టుంది అని. ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెప్పాను.

అమ్మ కళ్లజోడు పెట్టుకుని ఆ లైను మీద వేలు పెట్టి చూసింది. "దంచే రోలు కాదే, రుబ్బురోలు. పొత్రంతో సహా" అంది. వచ్చేసారి అది సరిగ్గా రాయించాలట.